పోటునీటికి దారి

(యాకుత్‌పురాలో సంఘ సభ్యుల సాయంకాల కూటమున చేసిన ప్రసంగము)



శతవార్షికోత్సవ సంచికకు మన సంఘ చరిత్రను వ్రాసి ఇమ్మని సంపాదకవర్గమువారు మమ్మును అడిగినారు. చరిత్ర చెప్పగలవారు మనలో మాకంటె పెద్దవారున్నారు, వారు వ్రాయుచున్నారు కూడ. కాబట్టి మేము ఈ సాయంకాలము వేరొక సంగతి మాట్లాడదలచినాము. అది ఒక చేపను గూర్చి, కొన్ని పక్షులను గూర్చి, సముద్రపు అంచున బురదలో పెరిగే ఒక చెట్టును గూర్చి. యాకుత్‌పురాలో నిలబడి సముద్రము మాట ఎందుకని మీలో కొందరు నవ్వుకొనుచున్నారు, మాకు కనబడుచునే ఉన్నది. సముద్రము మనకు రైలులో ఒక రాత్రి ప్రయాణము. నిజమే.

అయితే మన వీధిలో పడిన వాన నీరు ఆ దారిని మనకంటె బాగుగా ఎరుగును. అది నాలాలో పడును, నాలా మూసీలో పడును. మూసీ నల్లగొండ జిల్లా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రములో కలియును. అక్కడ కూడ మడ అడవులున్నవి, పక్షులున్నవి, వలలు వేసి బ్రదికే కుటుంబములున్నవి. మనము బకెట్టుతో పారబోసినది ఏ రూపమున వారి యొద్దకు చేరుచున్నదో ఆలోచించుట మనకు అలవాటు లేదు. మన ప్రక్క బస్తీ పేరు తలాబ్‌కట్ట. తలాబ్ అనగా చెరువు, కట్ట మన తెలుగు కట్టయే. రెండు భాషలు కలిసి అక్కడ ఒక చెరువు ఉండెనని సాక్ష్యము చెప్పుచున్నవి. ఇప్పుడు చెరువు లేదు, పేరు మాత్రము ఉన్నది.

గడచిన జనవరిలో మన యౌవనులు పన్నెండుగురు, స్త్రీల సమాజము నుండి నలుగురు, మేము కలిసి కాకినాడ వెళ్ళి వచ్చినాము. బయలుదేరినప్పుడు ఇది విహారయాత్రయే. దాచుట ఎందుకు? స్త్రీల సమాజపు పెద్దమ్మగారు ఒకరు పులస పులుసు తినిపించవలెనని ముందే షరతు పెట్టినారు. జనవరిలో పులస దొరకదని అక్కడికి వెళ్ళిన తరువాత తెలిసినది. ఆమె ఆ సంగతిని ఇంకను క్షమించలేదు.

కాకినాడకు దగ్గరలో, తాళ్ళరేవు మండలములో కోరంగి అను ఊరున్నది. ఒకప్పుడు గొప్ప ఓడరేవు. ఇక్కడినుండి మన తెలుగువారు వేలకొలదిగా బర్మాకు పోయినందున బర్మాలో తెలుగువారందరిని కోరంగీలనియే పిలిచెడివారు. 1839 నవంబరులో వచ్చిన తుపానులో సముద్రము ఊరి మీదికి లేచి ఓడలను, ఇండ్లను, మనుష్యులను ఊడ్చుకొనిపోయినది. ఆ రేవు మరల తేరుకొనలేదు. ఇప్పుడు కోరంగి పేరు చెప్పగానే జనులకు తోచునది అక్కడి మడ అడవి. 1978లో ప్రభుత్వము దానిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లులు, నీటికుక్కలు అందులో బ్రదుకుచున్నవి.

మమ్మును పడవలో తీసికొనిపోయిన మనిషి అరవై దాటినవాడు. ఇప్పుడు యాత్రికులను త్రిప్పుచున్నాడు గాని జీవితమంతయు వల వేసినవాడే. మా యౌవనులలో ఒకడు, పట్టణపు పిల్లలకు సహజమైన ఉత్సాహముతో, "ఇక్కడ మనమందరము తలా ఒక మొక్క నాటి పోదామా?" అని అడిగినాడు. ఆయన తెడ్డు ఆపి మాతో ఇట్లన్నాడు: "అయ్యగారండీ, మొక్క నాటడం పెద్ద పని కాదండి. నీళ్ళు వచ్చి, వచ్చిన నీళ్ళు మళ్ళీ వెళ్ళే దారి చెయ్యడమే పనండి. దారుంటే చెట్టు తనంతట తనే వస్తాదండి."

ఈ మాటకు అర్థము ఆ పూట మాకు సగమే తెలిసినది. తరువాత అడిగి, చదివి తెలిసికొన్నది మీకు చెప్పెదము.

సముద్రము దినమునకు రెండుమారులు పొంగును, రెండుమారులు తీయును. పొంగుటను పోటు అనియు తీయుటను పాటు అనియు అక్కడివారందురు. నదినీరు, సముద్రపునీరు కలిసికొను చోటు మొగ. అక్కడి నీరు పూర్తిగా ఉప్పనిది కాదు, పూర్తిగా తియ్యనిది కాదు. ఆ నీటిలో వేరే చెట్టేదియు నిలువదు, మడ నిలుచును. బురదలో గాలి ఉండదు గనుక తెల్లమడ తన వేళ్ళను నేలలోనుండి పైకి, మేకులు నిలబెట్టినట్లు, లేపి ఊపిరి పీల్చుకొనును. పొన్నజాతి చెట్టు తన విత్తనమును వెంటనే రాల్చదు. కొమ్మమీదనే మొలకెత్తించి, జానెడు పొడవు పెంచి, అప్పుడు బురదలోనికి విడుచును. పిల్ల తన కాళ్ళమీద నిలబడు వరకు తల్లి చంక దింపదన్నమాట.

పూర్వము ఈ అడవిని వంతుల ప్రకారము భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగములోని చెట్లను మొత్తముగా నరికి వంటచెరకునకు అమ్మెడివారు. కొన్నేండ్లకు తిరిగి పెరుగునని తలంచినారు. కొన్ని చోట్ల పెరుగలేదు. కారణము వినుడి. నీడ పోయిన బురద ఎండకు ఎండి కుదించుకొనిపోయినది, చుట్టునున్న నేలకంటె లోతై పళ్ళెము వలె అయినది. పెద్ద పోటునాడు నీరు అందులోనికి ఎక్కును గాని తిరిగి పోవుటకు దారి లేదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరియగును, ఉప్పు మిగులును. మరల నీరు, మరల ఎండ, మరల ఉప్పు. ఇట్లు ఏండ్లు గడువగా మడ విత్తనము కూడ మొలవలేనంత ఉప్పు చేరినది. సముద్రము ప్రక్కనే ఉండి, నీరు నిలిచి ఉండి, చచ్చిన నేల!

మేము వేదాంత కళాశాలలో ఉన్నప్పుడు యెహెజ్కేలు గ్రంథము నలువది ఏడవ అధ్యాయము మీద ఒక పరీక్ష వ్యాసము వ్రాసినాము. మందిరపు గడప క్రిందనుండి బయలుదేరిన నీరు నదియై, ఉప్పు సముద్రమును బాగుచేసి, అందులో చేపలు విస్తరింపజేసిన దర్శనము మీరెరుగుదురు. అందులో ఒక చిన్న మాట ఉన్నది. ఆ సముద్రపు బురద నేలలు, ఊబి స్థలములు మాత్రము బాగుపడక ఉప్పునకే విడువబడునని. మా వ్యాసములో మేము ఆ వచనమును దాటిపోయినాము, ఏమి చెప్పవలెనో తోచక. అధ్యాపకులు కూడ ఏమియు అడుగలేదు, మార్కులు బాగానే వచ్చినవి. కోరంగిలో ఆ తెల్లని ఉప్పు నేలను చూచినప్పుడు ఆ వచనము ఇరువది ఏండ్ల తరువాత మా ఎదుట నిలబడినది. నీరు నిలిచిపోవు చోటున్నదే, అది వేరు. ప్రవక్త దానిని చూచినాడు, మేము చూడలేదు.

ఇక బాగుచేసిన విధము. 1990ల చివరినుండి అటవీశాఖవారు, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, గ్రామములలోని వన సంరక్షణ సమితులవారు కలిసి ఈ పని చేసినారు. పాయనుండి ఆ చచ్చిన నేల మధ్యకు ఒక పెద్ద కాలువ త్రవ్వుదురు. దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్వుదురు. పైనుండి చూచిన యెడల అది చేప వెన్నుముల్లు వలె ఉండును. పోటు వచ్చినప్పుడు నీరు ప్రతి మూలకు పోవును, పాటు తీసినప్పుడు ఆ ఉప్పును కడుగుకొని బయటికి పోవును. ఇట్లు కొంతకాలము కడుగుడు పడిన తరువాత కాలువ గట్ల వాలున మొక్కలు నాటుదురు. మూడు నాలుగేండ్లలో పచ్చదనము కనబడును. కాలువలు పూడిపోకుండ మరల మరల పూడిక తీయవలెను. ఈ పనికి ఫోటోలు తీయుటకు ఎవరును రారు. మొక్క నాటునప్పుడు వచ్చుదురు.

ఆ కాలువలు త్రవ్వినది ఎవరు? గడ్డపారలు పట్టినది ఆ ఊళ్ళవారే. మేము వారిలో ఒక స్త్రీని మాట్లాడించినాము. తన చిన్నతనమున పొయ్యిలోనికి మడ పుల్లలే తెచ్చెడివారమనియు, ఆ పుల్లలకే తగవులు పడి దండుగలు కట్టెడివారమనియు ఆమె చెప్పినది. "అప్పుడు మమ్మల్ని దొంగలన్నారు. తరవాత మీరే కాపలా అన్నారు" అని నవ్వినది. అడవిని కాపాడుటకు దానిచుట్టు కంచె వేసి, దానిమీద బ్రదుకువారిని వెలుపల నిలబెట్టుట పాత పద్ధతి. అది నడువలేదు. వారిని లోపలికి తీసికొని, పొయ్యికి వేరే దారి చూపి, కూలి ఇచ్చి, సమితిలో కూర్చుండబెట్టినప్పుడు నడిచినది. ఇది సంఘ పరిపాలన చేయు మాకు కూడ ఆలోచించదగిన సంగతి.

మడ వేళ్ళ మధ్య రొయ్యపిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు పెద్ద చేపల నోటికి అందక పెరుగును. రాలిన ఆకు క్రుళ్ళి వాటికి మేతయగును. తుపాను వచ్చినప్పుడు అడవి వెనుకనున్న ఊరికి అలల దెబ్బ తగ్గును. 1996 నవంబరు 6న కోనసీమను, కాకినాడ తీరమును కొట్టిన తుపానును జ్ఞాపకముంచుకొన్నవారెవరును అక్కడ మడను ఉత్త పొదయని అనరు.

పాటు తీసిన వేళ పడవవాడు యంత్రము ఆపివేసినాడు. ఎదుట మైళ్ళకొలది బురద. మొదట మాకు ఏమియు కనబడలేదు. తరువాత ఆ బురదయే కదలుచున్నట్లు తోచినది. ఉల్లంకి జాతి పక్షులు, బూడిద రంగువి, వందలు కాదు వేలు, ముక్కులు బురదలో గుచ్చుచు పురుగులను, చిన్న నత్తలను ఏరుకొనుచున్నవి. వాటిలో కొన్ని సైబీరియా తూర్పు కొండలలో గుడ్లు పెట్టి, చలికాలమునకు ముందు వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వచ్చును. పిడికిట పట్టునంత పిట్ట! దారిలో కరిగిన క్రొవ్వును ఈ బురదలోనే తిరిగి సంపాదించి, మార్చి ఏప్రిల్ మాసములలో తిరుగు ప్రయాణము కట్టవలెను. బురద బయటపడు ఆ కొద్ది గంటలే వాటికి భోజన సమయము. ఆ బురదను పూడ్చి చదునుచేసితిమా, ప్రక్క ఊరికి పొమ్మనుటకు వీలులేదు, ప్రక్క ఊరి బురద ఇదివరకే నిండియున్నది. మా యౌవనులు అరగంటసేపు మాట్లాడలేదు. వారిని ఎరిగినవారికి ఇది ఎంత వింతయో తెలియును.

ఇక పులస సంగతి. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరి వారి సామెత. కొరమీను కొరకు మృగశిర కార్తెనాడు బారులు తీరు మన హైదరాబాదువారికి ఈ వెర్రి అర్థము కాకపోదు. ఈ చేప సముద్రములో ఉన్నంతసేపు దానిని విలస అందురు, దానికి అంత విలువ లేదు. ఆషాఢ శ్రావణములలో గోదావరికి ఎర్రనీరు దిగినప్పుడు ఆ తియ్యని నీటి వాసన పట్టి మొగలలో ప్రవేశించి, ప్రవాహమునకు ఎదురీది పోవును. అప్పుడది పులస. గ్రుడ్లు పెట్టుటకే ఆ ప్రయాణము. ఒక్క చేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లలు కొన్ని నెలలు నదిలో, మొగలో పెరిగి సముద్రమునకు దిగును. ఇటీవలి సంవత్సరములలో యానాము రేవున ఒక్కొక్క మంచి పులస ఇరువది వేల రూపాయలు దాటి వేలములో పోయినది. అంత ధర పలుకుటయే చెప్పుచున్నది, చేప ఎంత తగ్గిపోయినదో. మన బజారులలో పులసయని అమ్ముడుపోవునది అనేకమారులు ఒడిశా, బెంగాలు తీరములనుండి మంచుపెట్టెలలో వచ్చిన విలస. పెద్దమ్మగారు గమనింపవలెను.

ఎందుకు తగ్గినది? కారణములు పెక్కు. సన్నకన్ను వలలు పిల్లచేపలను కూడ ఊడ్చివేయుచున్నవి. ఫ్యాక్టరీల నీరు, పట్టణముల మురుగు, రొయ్యల చెరువుల మందు నీరు మొగలలో కలియుచున్నవి. 1990లలో తీరమంతట రొయ్యల చెరువులు లేచినప్పుడు సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పవలసి వచ్చినది. అయితే వీటన్నిటికంటె పాతదైన కారణము ఒకటున్నది. దానిని చెప్పుటకు మన పీఠములమీద నిలుచువారికి కొంచెము నోరు తడబడును.

అది ధవళేశ్వరము ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847 నుండి 1852 వరకు కట్టించినారు. ఆయన భక్తిపరుడు. అంతకుముందు కరవుతో ఎండిన డెల్టా ఆయన చేతిమీదుగా ధాన్యాగారమైనది. గోదావరి పల్లెలలో ఆయన విగ్రహములు ఈనాటికిని పూలదండలతో ఉన్నవి, మన సండేస్కూలు పిల్లలకు ఆయన కథ మేమే ఎన్నోమార్లు చెప్పినాము. ఇక ముందును చెప్పెదము. ఆయన లేనియెడల లక్షల కుటుంబములకు అన్నము లేదు.

అదే ఆనకట్ట చేపకు గోడయైనది. 1870లలోనే ఫ్రాన్సిస్ డే అను చేపల శాస్త్రజ్ఞుడు మన దేశపు ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డమగుచున్నవని ప్రభుత్వమునకు వ్రాసినాడు. పాత ఆనకట్ట స్థానములో 1970 తరువాత కట్టిన బ్యారేజికి 175 తలుపులున్నవి. దానికిని దిగువనే చేప గుమిగూడును, అక్కడనే వలలు కాచుకొనియుండును. గంగలో కూడ ఇట్లే జరిగినది. ఒకప్పుడు అలహాబాదు వరకు ఎదురీదిన ఈ చేపకు 1975లో ఫరక్కా బ్యారేజి అడ్డమైనది.

కాటన్ దొరగారిని తప్పుపట్టుటకు ఇది చెప్పుటలేదు. ఆయన కాలమున ఆకలి ఎదుట నిలబడి చేప సంగతి అడుగువారు అరుదు. కాని శతవార్షికములనాడు మనకొక అలవాటున్నది. మన పెద్దలు కట్టినవన్నియు లెక్కపెట్టుదుము, ఆ కట్టడములు వేటికి అడ్డుపడినవో లెక్కపెట్టము. కృతజ్ఞతకు ఆ రెండవ లెక్క విరోధమని మేము అనుకొనము.

అడ్డమును తీసివేసినవారు లేకపోలేదు. అమెరికా పడమటి తీరమున సాల్మన్ అను చేప ఉన్నది. పులసకు చుట్టము కాదు, పులస కవళ్ళ వంశములోనిది. కాని నడవడి ఒకటే. నదిలో పుట్టి, మొగలో కొన్నాళ్ళు నిలిచి తన దేహమును ఉప్పునీటికి అలవాటు చేసికొని, సముద్రములో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన నదికే వచ్చును. అక్కడ వాషింగ్టన్ రాష్ట్రములో నిస్క్వాలీ నది మొగను నూరేండ్ల క్రిందట పాడిపశువుల మేతకొరకు గట్టు వేసి సముద్రమునుండి వేరుచేసినారు. 2009లో ఆ గట్టును త్రవ్వి తీసివేసినారు. ఏడు వందల అరువది ఎకరాలకు పోటునీరు తిరిగి వచ్చినది, సాల్మన్ పిల్లలు వచ్చినవి, పక్షులు వచ్చినవి. ఆ పనిలో ముందున్నవారు ఆ నదిమీద తరతరములుగా చేపపట్టు నిస్క్వాలీ తెగవారు. అదే రాష్ట్రములో ఎల్వా నదిమీద రెండు ఆనకట్టలను 2011 నుండి 2014 లోపల తొలగించినారు. దక్షిణమున క్లామత్ నదిమీద నాలుగింటిని 2024 నాటికి తీసివేయగా, ఆ సంవత్సరము అక్టోబరులోనే చేప పై నీళ్ళలో కనబడినది. నూరేండ్లు మూసిన తలుపు తెరిచిన నెలలోనే!

ధవళేశ్వరమును తీసివేయుమని బుద్ధిగలవాడెవడును చెప్పడు, అది అన్నపు కుండ. కాని మొగలను బ్రదికించవచ్చును, ఎర్రనీరు దిగు వేళ చేపకు దారి విడువవచ్చును, పిల్లచేపను పట్టకుండ వలకన్ను పెద్దది చేయవచ్చును. బంగ్లాదేశములో ప్రతి సంవత్సరము గ్రుడ్లు పెట్టు కాలమున ఇరువది రెండు దినములు వేట నిలిపివేసి, జాలరి కుటుంబములకు బియ్యమిచ్చుచున్నారు. చేపను కాపాడు ఖర్చు జాలరి కడుపుమీద పడకూడదని వారు తెలిసికొన్నారు.

మన కొల్లేరులో 2006లో చేపలచెరువుల గట్లను ప్రొక్లెయినులతో, మందుపాతరలతో పగులగొట్టినారు. గూడబాతులకు, ఎర్రకాళ్ళ కొంగలకు చోటు దొరికినది. కాని గట్టు పోగొట్టుకొన్న చిన్నవారిని గూర్చి సరిగా ఆలోచించనందున ఆ మంటి గట్లతో పాటు మనస్సులలో వేరే గట్లు లేచినవి. తరువాతి సంవత్సరములలో అనేక చోట్ల మంటి గట్లు కూడ మరల లేచినవి.

కాకినాడలోనే దుమ్ములపేట దగ్గర 2020లో పేదల ఇండ్ల స్థలములకొరకు మడనేలను పూడ్చుట మొదలుపెట్టగా ఆ తగవు హరిత ట్రైబ్యునల్ వరకు పోయినది. దీనిని గూర్చి మా యౌవనులు తిరుగు రైలులో తగవులాడుకొన్నారు. పేదవాని ఇల్లు ముఖ్యమా, చెట్టు ముఖ్యమా అని ఒకడు. ఇది మంచి ప్రశ్నయే. కాని పేదవానికి ఇచ్చు స్థలము ఎల్లప్పుడును నీళ్ళు చేరు స్థలమే ఎందుకగుచున్నది? ఆ ప్రశ్న ఒక చెల్లెలు అడిగినది. రైలు పెట్టెలో ఎవరును సమాధానము చెప్పలేదు. మనకు తెలియని సంగతి కాదది. 2020 అక్టోబరులో పాతబస్తీలో వరద వచ్చినప్పుడు చెరువు క్రింద, నాలా అంచున ఉన్న ఇండ్లలోనికే నీరు ముందు వచ్చినది. మన ఇరుగుపొరుగు ముస్లిము సోదరులు, మనము, ఒకే మేడమీద ఒకే గంజి త్రాగి రెండు రాత్రులు కూర్చుంటిమి. నీరు తన పాత దారిని జ్ఞాపకము పెట్టుకొని వచ్చినది.

ఇప్పుడు మేము ఈ ప్రసంగమునకు అసలు కారణమునకు వచ్చుచున్నాము. ఇంతసేపు చుట్టు తిరిగినందుకు క్షమించవలెను.

మన ప్రార్థన మందిరము వెనుక నాలాకును గోడకును మధ్య పల్లపు నేల ఒకటున్నది. వానకాలమున అక్కడ నీరు చేరి, రెండు మూడు దినములకు నాలాలోనికి దిగిపోవును. దానిని మట్టితో నింపి శతవార్షిక జ్ఞాపకార్థముగా ఒక గది కట్టవలెనని గత సంవత్సరము కమిటీ తీర్మానించినది. ఆ తీర్మానముమీద మొదటి సంతకము మాదే. ఆ నేలను మేము ఉత్త గుంటయనుకొన్నాము. కోరంగినుండి వచ్చిన మరుసటి ఆదివారము దాని అంచున నిలబడి చూచినప్పుడు వేరొకటి కనబడినది. ఆ నీరు అక్కడ నిలుచుటవలననే మన వెనుక వీధిలోని పదునాలుగు ఇండ్లలోనికి పోవుటలేదు. దానిని నింపితిమా, మన గది పొడిగా ఉండును, వారి పొయ్యిలు తడియును. ఆ ఇండ్లలో రెండు మాత్రమే మన సంఘపువారివి. మిగిలిన పండ్రెండు మనవి కావని మేము మౌనముగా ఉండలేము.

కమిటీలో ఒక పెద్దాయన మాతో సూటిగా అన్నారు: "అయ్యగారూ, కోరంగిలో చేపలున్నాయి, పక్షులున్నాయి. మన గుంటలో దోమలు తప్ప ఏమున్నాయి?" ఆయన మాటలో న్యాయమున్నది. నిలిచిన నీటిలో దోమలుండును. పడవవాని మాట మరల వినుడి: నీరు వచ్చుట ఒక్కటే చాలదు, వచ్చిన నీరు వెళ్ళవలెను. మన పల్లములో నీరు రెండు మూడు దినములు నిలుచుటకు కారణము నాలావైపు నోరు చెత్తతో, విరిగిన ఇటుకలతో పూడియుండుట. ఆ ఇటుకలలో కొన్ని మన ప్రహరీ కట్టినప్పుడు మిగిలినవే. పూడిక తీసి, పల్లమునుండి నాలాకు వాలుగా ఒక కాలువ, దానికి ప్రక్క కాలువలు రెండు త్రవ్విన యెడల నీరు ఒక పూటలో దిగునని మన సంఘములోనే మేస్త్రీ పని చేయు సోదరుడు లెక్కవేసి చెప్పినాడు. నాలా పొంగినప్పుడు వెనుకకు తన్నకుండ ఒక చిన్న తలుపు కూడ కావలెనట. గదికొరకు కూడబెట్టిన సొమ్ములో నాలుగవ వంతు చాలును. గది కావలసినవారు నిరాశపడవద్దు, ఉన్న హాలుపైన కట్టుటకు పునాది తాళునో లేదో ఇంజనీరుచేత చూపించుచున్నాము.

తీర్మానము మార్చవలెనన్న సంఘ సర్వసభ్య సమావేశము కావలెను. అది వచ్చే నెల రెండవ ఆదివారము. మీరు మా మాటను కొట్టివేయవచ్చును, ఆ హక్కు మీకున్నది. అయితే ఓటు వేయుటకు ముందు ఒకమారు ఆ పల్లము అంచున నిలబడుడి. ఈ మధ్య వాన పడిన ఉదయము మేము వెళ్ళినప్పుడు అక్కడ నాలుగు తెల్లకొంగలు, ఒక ఉల్లంకి పిట్ట ఉన్నవి. అది ఎక్కడినుండి వచ్చినదో మేము చెప్పలేము. బురదలో ముక్కు గుచ్చి ఏదో తినుచుండెను.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత మేస్త్రీ సోదరుడు వాలు కొలుచును. తాడు రెండు కొనలు పట్టుకొనుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. బురదకు వెరవని బట్టలు కట్టుకొని రండి.